ఒకే గీత దగ్గర ఆగిన నీళ్ళు

మార్చి 6

నిప్పురవ్వకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఫోను చెయ్యకుండా ఉత్తరం రాసిందేమిటని విసుక్కోకు. ఫోనులో నువ్వు అరుస్తావు, నేను మధ్యలో పెట్టేస్తాను, అసలు సంగతి ఇద్దరికీ తెలియదు. కాగితం మీదైతే ఇద్దరం మాట పూర్తి చేస్తాం.

కిందటి గురువారం మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతుంటే పై అంతస్తులో నీళ్ళ ట్యాంకు పగిలింది. అడుగున నిలువునా చీలింది. నీళ్ళు మెట్లు దిగడం నువ్వెప్పుడైనా చూశావా? మనిషిలాగే ఒక్కో మెట్టూ దిగాయి. కోపం లేదు, తొందర లేదు. నేను చీపురు పట్టుకుని సిగ్గులేకుండా అలా చూస్తూ ఉండిపోయాను. ఆ మెట్లు దిగేది మన బైండింగ్ గదిలోకే, దానికి ఎత్తు గడప కదా, బయటికి పోయే దారి లేక లోపలే నిలిచాయి. పావుగంటలో జానెడు లోతు. ఆ తరువాత తెలివి తెచ్చుకుని వెనక తూము పొడిచాను.

ప్రెస్సు వాళ్ళ నిఘంటువు గుర్తుందా? చివరి భాగం అచ్చవక ఏడాదిగా మన దగ్గరే పడి ఉంది. పదహారేసి పేజీలు మడిచిన ఆ ఫారాల కట్టలన్నీ మూడు గోడల వెంటా కింది అరలో నిలబెట్టి ఉన్నాయి. అన్నీ తడిశాయి. కటింగ్ మెషిన్ మోటారు కూడా పోయింది. అయినా భయం లేదు, బీమా ఉంది. సర్వేయరు నాలుగో రోజున వచ్చాడు. అప్పటికి నేనూ పనావిడా నేల కడిగి, సున్నపు పొడి చల్లి, తీగలు కట్టి ఫారాలు ఆరేశాం. గది అద్దంలా ఉంది. అతను గుమ్మంలో నిలబడి, "నీళ్ళొచ్చింది ఇక్కడేనా అమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. అంత శుభ్రం!

వేళకి తిను. వెల్డింగ్ చేసేటప్పుడు కళ్ళకి అద్దం మర్చిపోకు.

పెద్దమ్మ

*

మార్చి 11

పెద్దమ్మా,

నీ ఆశీస్సులు అందాయి. ఇప్పుడు నా తిట్లు అందుకో.

ఎవరు కడగమన్నారు నిన్ను? నీళ్ళొచ్చి మునిగాం, పరిహారం ఇవ్వండి అని అడుగుతూ, నీళ్ళొచ్చిన ఆనవాళ్ళన్నీ నీ చేత్తో నువ్వే తుడిచేశావు. మొన్న మా షెడ్డులో గొట్టం ఒకటి పేలితే మా మేస్త్రి దెబ్బ తగిలిన వాణ్ణి బయటికి లాగి, ఆ వెంటనే అరిచిన మాట "ఎవరూ ఏదీ ముట్టుకోకండి" అని. ఆయన నాలుగో తరగతి కూడా చదవలేదు. నువ్వు ముప్ఫై ఏళ్ళుగా పుస్తకాల మధ్య బతుకుతున్నావు.

"నీళ్ళొచ్చింది ఇక్కడేనా" అన్నాడని మురిసిపోతున్నావా? అది మెచ్చుకోలు కాదు పెద్దమ్మా. అది ఆ మనిషి రిపోర్టులో మొదటి వాక్యం.

ఫోటోలు తీశావా? తీసి ఉండవు. పగిలిన ట్యాంకేది? పాత ప్లాస్టిక్ కొనేవాడికి ఇచ్చేసి ఉంటావు. ఇవ్వలేదని రాయి, నీకు పుణ్యముంటుంది. పాలసీ కాగితం నకలు పంపు. ముందు పేజీ కాదు. వెనక చీమతలకాయంత అక్షరాలుంటాయే, అవన్నీ.

నీళ్ళు మెట్లు దిగిన సంగతి మూడుసార్లు చదివాను. అది వేరే విషయం. కోపం తగ్గలేదు.

నిప్పురవ్వ

*

ఏప్రిల్ 19

నిప్పురవ్వా,

నెల దాటినా నేను జవాబు రాయలేదు. నీ ఉత్తరం చదివాక రాయబుద్ధి కాలేదు. వయసులో పెద్దదాన్ని, నాకూ రోషం ఉంటుంది. నువ్వు కూడా రాయలేదు కాబట్టి నువ్వూ అలిగావనుకున్నాను. నిన్న పనావిడ చెప్పింది, నువ్వు ఆవిడ ఫోనుకి వారానికి రెండుసార్లు చేసి "పెద్దమ్మ ఎలా ఉంది, నేనడిగానని చెప్పకు" అంటున్నావట. సరే. ఇద్దరం మొండివాళ్ళమే.

ట్యాంకు ఇచ్చేశాను. నువ్వన్నట్టే.

కంపెనీ జవాబు వచ్చి పది రోజులైంది. నీ తిట్లకు భయపడి జిగురు డబ్బా కింద దాచాను. నకలు ఇందులో పెడుతున్నాను, పాలసీతో సహా. రెండు కారణాలు చెప్పారు. ఒకటి, సర్వేయరు చూడకముందే నష్టం జరిగిన చోటును మార్చేశాను. రెండు, వెనక గోడ మూల పాత చెమ్మ ఉంది, కాబట్టి ఇది ట్యాంకు ఒక్కసారిగా పగిలి జరిగిన నష్టం కాదు, ఏళ్ళ తరబడి ఊరిన చెమ్మ వల్ల జరిగింది. ఊరే చెమ్మకు పాలసీ వర్తించదు.

తడిసిన కాగితానికి ప్రెస్సు వాళ్ళకి నేను సమాధానం చెప్పుకోవాలి. అడిగారు, మర్యాదగానే అడిగారు. మోటారు మార్పించి కటింగ్ మెషిన్ అమ్మితే వాళ్ళ నష్టం తీరుతుంది. కొనేవాడు మే నెలాఖరుకి వస్తానన్నాడు. మెషిన్ లేని బైండరంటే సూదీ దారం పట్టుకుని కూర్చున్న ముసలమ్మే అనుకో. పరవాలేదు. చేతులున్నాయి.

పెద్దమ్మ

*

ఏప్రిల్ 25

పెద్దమ్మా,

అమ్మకు. ముందు ఆ మాట రాసి తరువాత మిగతావి రాస్తున్నాను. మెషిన్ అమ్మకు.

పాలసీ చదివాను. ఐదు మధ్యాహ్నాలు, అన్నం గిన్నె పక్కన నిఘంటువు పెట్టుకుని. చెడిపోయిన ఫారాల మీద అక్షరాలు నేర్పి నన్ను పెంచింది నువ్వు. పదో తరగతి గడప దాటనిదాన్ని, అయినా కూడబలుక్కుని ఏదైనా చదువుతాను. కోపంతోనే మొదలుపెట్టాను. చదువుతూ చదువుతూ కోపం సంగతే మర్చిపోయాను. ఎవరో ఒక గదిలో కూర్చుని మనుషుల కొంపల మీదకి ఏమేం రాగలవో అన్నీ ఊహించి రాశారు పెద్దమ్మా. పిడుగు. కొండచరియ. అల్లరి మూక. ఆకాశంలోంచి విమానం ముక్క రాలి పడటం. ట్యాంకు పగలడం కూడా ఉంది, నీ మెట్ల మీద దిగిన నీళ్ళు ఆ కాగితంలో ముందే ఉన్నాయి. ఇన్ని ఆపదల మధ్య రోజూ ఎలా నిద్రపోయి లేస్తున్నామో అనిపించింది.

తరువాత మళ్ళీ కోపం వచ్చింది. ఎందుకో చెప్తాను. వాళ్ళు నీకు చూపించింది ఆరో షరతు: సర్వేయరు చూసేదాకా చోటు మార్చకూడదు. అదే పేజీలో, మూడు వేళ్ళ కిందే, తొమ్మిదో షరతు ఉంది: "నష్టం పెరగకుండా, మిగిలిన ఆస్తిని కాపాడేందుకు పాలసీదారు తగిన చర్యలన్నీ వెంటనే తీసుకోవాలి." తడి కాగితాన్ని నాలుగు రోజులు అలాగే వదిలేస్తే ఏమవుతుంది? బూజు పట్టి ముద్దైపోతుంది. నువ్వు ఆరెయ్యకపోతే తొమ్మిది తప్పినట్టు, ఆరేస్తే ఆరు తప్పినట్టు. ఆరు చూపించి తొమ్మిది మింగేశారు దొంగలు.

నిన్ను కడిగినందుకు తిట్టాను కదా. ఆ తిట్లు వెనక్కి తీసుకుంటున్నాను. ట్యాంకు గురించినవి ఉంచుకో.

బీమా తగవులు తీర్చే అధికారి ఒకరున్నారట. లాయరు లేకుండా మనమే రాయొచ్చు. రాసేశాను, నీ పేరుతో. కింద సంతకం పెట్టి పంపు. సర్వేయరు రిపోర్టు నకలు కూడా అడిగాను, అది మనకివ్వాలట. ఇంకో మాట. ఇది మినహాయింపు కిందకి వస్తుందని చెప్పేది కంపెనీ అయితే, అలా అని రుజువు చెయ్యాల్సిందీ కంపెనీయే. ఆ వాక్యం గ్రంథాలయంలో దొరికినప్పుడు బల్ల మీద గట్టిగా చరిచాను. నన్ను బయటికి పంపేశారు.

ఇప్పుడు నిజం చెప్పు. ఆ మూల చెమ్మ ఉందా?

నిప్పురవ్వ

*

మే 3

నిప్పురవ్వకి,

సంతకం పెట్టి పంపాను. విచారణకి పిలుపు కూడా వచ్చింది, ఇరవయ్యో తారీఖు, ఉదయం పదకొండుకి.

చెమ్మ ఉంది. మూడేళ్ళుగా ఉంది. వానాకాలంలో ఆ మూల గోడ మీద చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. బాగుచేయించాలని ఏటా అనుకుంటాను. అంతే.

నువ్వు అడగని సంగతి ఒకటి చెప్తాను. తీగల మీంచి ఫారాలు దింపేటప్పుడు గమనించాను. తడిసిన కాగితం ఆరితే, తడి ఎక్కడిదాకా వచ్చి ఆగిందో అక్కడ సన్నటి గోధుమరంగు గీత మిగులుతుంది. పిల్లప్పుడు నువ్వు టీ ఒలకబోసిన పుస్తకాల్లో చూశావు. నిలబెట్టిన కట్టలు కదా, ప్రతి ఫారం మీదా నీళ్ళు ఆగిన ఎత్తున ఒక గీత ఉంది. ఒక్కటే. సూదితో గీసినట్టు.

నేను ఏది విప్పినా ముందు అంకె వేస్తాను. చెయ్యి ఊరుకోదు. ఆ రోజు కూడా నీళ్ళలో నిలబడే, తలుపు దగ్గర నుంచి మొదలుపెట్టి, అరలో ఉన్న వరుసలోనే ప్రతి కట్ట పై ఫారం మీద పెన్సిలుతో అంకె వేసుకుంటూ తీశాను. రెండువందల పన్నెండు కట్టలు. నిన్న ఆ పై ఫారాలు రెండువందల పన్నెండూ వరుసగా నేల మీద పరిచి చూశాను. చూసి కూర్చుండిపోయాను. గీత కాగితం నుంచి కాగితానికి నడిచి వెళ్తోందే. తలుపు దగ్గర నాలుగు వేళ్ళ ఎత్తు, గది నేల వాటం వెనక్కి పల్లం కదా, వెనక్కి పోయేకొద్దీ మెల్లగా పైకెక్కింది. మళ్ళీ తలుపు వైపు తిరిగేసరికి దిగింది. నేను నీళ్ళన్నీ తుడిచేశాననుకున్నాను. అవి ఎక్కడికీ పోలేదు.

మూలలోని పదకొండు మాత్రం వేరు. తొంభైఏడు నుంచి నూట ఏడు దాకా. వాటి మీద ఒకదాని మీద ఒకటి వలయాలున్నాయి, చెట్టు నరికితే కనిపించేలాంటివి. అది చెమ్మ. తడిసి, ఆరి, మళ్ళీ తడిసి. ఏడాదిగా నా కళ్ళెదుటే పాడవుతుంటే చూసుకోలేదు. నా తప్పు.

అన్నీ తీసుకెళ్ళి అధికారి ముందు పరుస్తాను.

పెద్దమ్మ

*

మే 8

పెద్దమ్మా,

నీ ఉత్తరం షెడ్డులో నిలబడి చదివాను. వెల్డింగ్ టార్చి ఆర్పడం మర్చిపోయి మేస్త్రి చేత చీవాట్లు తిన్నాను. ఆ గీత మన ప్రాణం కాపాడుతుంది. ట్యాంకు లేకపోయినా పరవాలేదు, ఫోటోలు లేకపోయినా పరవాలేదు.

కానీ ఆ పదకొండూ తీసెయ్యి.

వాదించకు. విను. వాళ్ళు చెమ్మ అంటున్నారు, నువ్వు వెళ్ళి చెమ్మ పట్టిన కాగితాలు వాళ్ళ చేతిలో పెడతానంటున్నావు. కంపెనీ లాయరు చెయ్యాల్సిన పని నువ్వెందుకు చేస్తావు? రెండువందల ఒకటి నిజం చెప్తున్నాయి. ఆ పదకొండు కూడా నిజమే, కానీ మనల్ని ముంచే నిజం. అబద్ధం చెప్పమనట్లేదు. నోరు మూసుకోమంటున్నాను. వాళ్ళు తొమ్మిదో షరతు మింగినప్పుడు ఎవరికైనా పాపం అనిపించిందా?

నువ్వు ఓడితే మెషిన్ పోతుంది. మెషిన్ పోతే ఆ గది పోతుంది. నేను పుట్టిన దగ్గర నుంచి నాకు తెలిసిన గది అదొక్కటే.

నిప్పురవ్వ

*

మే 12

నిప్పురవ్వా,

తొంభైఆరు తరువాత తొంభైఏడు రావాలి. మధ్యలో ఒక్క ఫారం తీసినా దాన్ని పుస్తకమనను, ఎవరికీ ఇవ్వను. ముప్ఫై ఏళ్ళలో ఇవ్వలేదు.

నువ్వు నన్ను దొంగను చేస్తున్నావని మొదట కోపం వచ్చింది. తరువాత నువ్వు భయపడుతున్నావని అర్థమైంది. ఇరవయ్యో తారీఖున నువ్వు రాకపోయినా పరవాలేదు.

పెద్దమ్మ

*

మే 23

పెద్దమ్మా,

విచారణ అయ్యాక బస్సు దగ్గర నీతో ఏమీ మాట్లాడలేకపోయాను. అలిగాననుకుని ఉంటావు. మాట రాలేదు, అంతే. ఇన్నాళ్ళూ అరిచిన నోరు.

నువ్వు మోకాళ్ళ మీద వంగి కాగితాలు సర్దుతూనే ఉన్నావు, చుట్టూ ఏం జరిగిందో నీకు కనిపించలేదు. నాకు కనిపించింది. అది నీకు రాయాలి. అంతకంటే ముందు ఒకటి ఒప్పుకోవాలి.

అధికారి గది చిన్నదని వరండాలో పరవమన్నారు కదా. పరిచాక నువ్వు మంచినీళ్ళు తాగడానికి వెళ్ళావు. వరండాలో నేనొక్కదాన్నే. వెళ్ళి తొంభైఏడు మీద చెయ్యి వేశాను. పదకొండూ తీసి నా సంచిలో పెట్టేద్దామని. ఎవరైనా చూస్తారని ఆగలేదు పెద్దమ్మా, నీ అంకెలు చూసి కూడా ఆగలేదు. ఆ గీత ఆపింది. తొంభైఆరులో ఉన్న గీత తొంభైఏడులోకి నడిచి వెళ్ళింది. ఆ వలయాల మధ్యలోంచి, వాటి సంగతి తనకు పట్టనట్టు, అదే ఎత్తున, నిటారుగా. తొంభైఎనిమిదిలో, తొంభైతొమ్మిదిలో. నూట ఏడు దాటి నూట ఎనిమిదిలోకి. చెమ్మ పట్టిన కాగితాల మీద కూడా ఆ రోజు నీళ్ళు సంతకం చేసి వెళ్ళాయి. నీ ఉత్తరంలో నువ్వు ఇది రాయలేదు. బహుశా నీకు అది చెప్పాల్సిన సంగతే అనిపించలేదు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

తరువాత అధికారి వచ్చారు. ఆవిడ మొదట నిలబడే చూశారు. నాలుగు అడుగులు వేశాక వంగారు. సగం దూరం వెళ్ళాక చెప్పులు విప్పి పక్కన పెట్టారు. ఎవరూ విప్పమనలేదు. గీత వెంట వేలు పెట్టి, తాకకుండా, గాలిలోనే, చివరిదాకా నడిచారు. వరండాలో టైపు కొట్టే చప్పుడు ఆగిపోయింది. పక్క గదుల గుమాస్తాలు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు.

కంపెనీ లాయరు ఆ మూల దగ్గర ఆగి, "ఇవిగోనండి! ఇదిగో చెమ్మ! మేం చెప్పిందే!" అన్నాడు. దొరికింది అన్నట్టు వాడి మొహం వెలిగిపోయింది. నువ్వు తలెత్తకుండానే అన్నావు, "అవును బాబూ. అది చెమ్మే. చెమ్మ అలా ఉంటుంది."

అంతే అన్నావు. ఆ మాట తరువాత అందరూ మిగతా రెండువందల ఒకటీ మళ్ళీ చూశారు. అప్పుడు వాటిని చూడటం వేరే పెద్దమ్మా. చెమ్మంటే ఏమిటో నువ్వే పక్కన పెట్టి చూపించావు, ఇక మిగిలినవి చెమ్మ ఎలా అవుతాయి?

లాయరు వెంట వచ్చిన సర్వేయరు జేబులోంచి టేపు తీశాడు. మోకాళ్ళ మీద కూర్చుని మొదటి కాగితం కొలిచాడు, యాభైయ్యోది కొలిచాడు, వందోది కొలిచాడు. తన దగ్గరున్న గది కొలతలతో పోల్చుకున్నాడు. నేల వాటం ఎంతో గీత వాటం అంతే. అతను లేచి అధికారితో కాదు, నీతో అన్నాడు: "నేను గోడ చూశానమ్మా. కాగితాలు చూడలేదు." నువ్వు "మీకు ఎవరు చెప్పారు కనక" అన్నావు. వాణ్ణి తిట్టడానికి ఒక పేజీ రాసుకొచ్చాను. జేబులోనే ఉండిపోయింది.

నేను ఇనుముని ఇనుముతో కలిపేదాన్ని. నిప్పు ఏం చేస్తుందో తెలుసు. నీళ్ళకి ఇంత జ్ఞాపకం ఉంటుందని, కాగితానికి ఇంత నిజాయితీ ఉంటుందని నాకు తెలియదు. నీకు తెలుసు. తెలిసీ అంత మామూలుగా ఎలా ఉంటావో నాకు అర్థం కాదు.

తీర్పు ఎలా వచ్చినా సరే అని రాద్దామనుకున్నాను. రాయలేను. సరే కాదు. గెలవాలి.

నిప్పురవ్వ

*

జూన్ 14

నిప్పురవ్వకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉత్తర్వు వచ్చింది. నువ్వు మొదటి వాక్యంలోనే తెలుసుకోవాలనుకుంటావు కాబట్టి: ఇవ్వాలన్నారు. మోటారుకి, నేలకి, రెండువందల ఒక్క కట్టలకి. పదకొండింటికి ఇవ్వక్కర్లేదన్నారు. వాటికి మనకు రాకూడదు. రాలేదు. వాటి కాగితం మటుకు నేనే ఇస్తానని ప్రెస్సు వాళ్ళకి చెప్పాను. గోడ కూడా బాగుచేయిస్తున్నాను, మేస్త్రీలు నిన్ననే వచ్చారు.

నీ తొమ్మిదో షరతు ఉత్తర్వులో ఉంది. "కాగితాన్ని ఆరబెట్టడం షరతును ఉల్లంఘించడం కాదు, షరతును పాటించడమే" అని రాశారు. నీ అర్జీలో మాటలే దాదాపు. ఇంకో వాక్యం రాస్తాను, నువ్వు చదవాలి: "తనకు నష్టం చేయగల కాగితాలను సైతం పాలసీదారు వరుసలోంచి తొలగించలేదు. మిగిలిన కాగితాలను ఈ కార్యాలయం నమ్మడానికి అదే ప్రధాన కారణం."

నువ్వు చెయ్యి వేశావని నాకు ఆ రోజే తెలుసు. తొంభైఏడు మూల కొద్దిగా వంగి ఉంది. నిటారుగా సర్దాను. వంగింది కానీ కదల్లేదు కదా అనుకున్నాను.

మెషిన్ కొనేవాడు వచ్చి కాఫీ తాగి వెళ్ళాడు.

నిన్న అధికారి ఆఫీసు నుంచి గుమాస్తా ఒకాయన పెద్ద మూటతో వచ్చాడు. ఆ రెండువందల పన్నెండూ ఇక వాళ్ళ రికార్డులో ఉండాలట. ఫైలులో పట్టడం లేదట. "బైండు చేసిస్తారా అమ్మా, మీరు తప్ప వేరేవాళ్ళు చేస్తే వరుస తప్పుతుందని మేడం అన్నారు" అన్నాడు. గది తెరిచాక మొదటి పని అదే అయింది.

ఇవాళ కుట్టడం పూర్తయింది. మూసి నిలబెట్టి, అంచు కత్తిరిద్దామని కొత్త మోటారు పెట్టించిన మెషిన్ దగ్గరికి తీసుకెళ్ళి పక్క నుంచి చూశాను. నిప్పురవ్వా, గీతలన్నీ అంచు దాకా వచ్చి కలిశాయి. అట్ట నుంచి అట్ట దాకా ఒక్క సన్నటి గోధుమరంగు గీత. కింద మొదలై, మెల్లగా ఎక్కి, మళ్ళీ మెల్లగా దిగింది. మన గది నేల మొత్తం, వాటంతో సహా, నా అరచేతి వెడల్పులో ఉంది.

కత్తిరించడానికి చెయ్యి రాలేదు. అంచు గరుకుగానే ఇచ్చేస్తాను. సోమవారం వస్తారు.

పెద్దమ్మ

*

జూన్ 17

పెద్దమ్మా,

సోమవారం ఇవ్వకు. మంగళవారం ఇస్తానని చెప్పు. జిగురు ఆరలేదని చెప్పు. అది అబద్ధమైతే, మా చెల్లెలి కూతురు చూడాలంది అని నిజమే చెప్పు.

మేస్త్రిని సెలవు అడిగాను. ఎందుకన్నాడు. ఒక పుస్తకం అంచు చూడాలి అన్నాను. మొదట నవ్వాడు. నీ ఉత్తరం చేతిలో పెట్టాను. చదవడం రాదుగా, నన్నే చదవమన్నాడు. మధ్యాహ్నం గంట కొట్టినా వింటున్నవాళ్ళెవరూ లేవలేదు. పూర్తయ్యాక ఆయన చేతి తొడుగులు విప్పి బల్ల మీద పెట్టి, "వెళ్ళు. నా బదులు కూడా చూసి రా" అన్నాడు.

ఆదివారం బస్సుకి బయల్దేరుతున్నాను.

నిప్పురవ్వ